ఒకే వార్తని పేపర్‌కీ, ఆడియోకీ, వీడియోకీ, వెబ్‌కీ ఎలా చేయాలి?

ఉద్యోగంలో కొత్తగా చేరిన రిపోర్టర్లను ఇప్పుడు మొదటి వారంలోనే అడుగుతున్నారు: కాపీతో (అంటే రాసిన వార్తతో) పాటు బైట్ (రికార్డ్ చేసిన మాటల ముక్క) తెస్తావా, రీల్ కూడా చేస్తావా అని. ఆ టెన్షన్‌తో నా దగ్గరికి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది ఏ కెమెరా కొనాలి, ఏ యాప్ వేసుకోవాలి అని. వాటి సంగతి తర్వాత చూద్దాం. మీ చేతిలో ఉన్న వార్తలో వినాల్సిందేమిటి, చూడాల్సిందేమిటి, చదివితే తప్ప తలకెక్కనిదేమిటి అన్నది విడదీయడం ముందు రావాలి. అది వస్తే ఫోన్ ఏదైనా పని నడుస్తుంది. అది రాకపోతే ఒకే కాపీని నాలుగు చోట్ల అతికించడమే అవుతుంది, నాలుగు చోట్లా ఎవరూ చివరిదాకా ఉండరు.

ఇలా మాధ్యమాలన్నీ ఒకచోట కలవడం నిన్న మొన్న మొదలైంది కాదు. 2000లో అమెరికాలోని టాంపాలో ఒక దినపత్రికని, టీవీ స్టేషన్‌ని, వాటి వెబ్‌సైట్‌ని ఒకే భవనంలోకి తెచ్చారు. అప్పుడు మూడింటికీ వేర్వేరు మనుషులు ఉండేవారు. ఇప్పుడు ఆ మూడు పనులూ చాలాచోట్ల ఒక్కరి మీదే పడుతున్నాయి. కాబట్టి ఏది చేయాలో ఎంత ముఖ్యమో, ఏది వదిలేయాలో కూడా అంతే ముఖ్యం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పాత వంతెన ఒకటి ఉంది. పిల్లర్లలో పగుళ్లు కనిపించాయని దాని మీద రాకపోకలు ఆపేశారు. అవతలి ఒడ్డు వాళ్లు చుట్టూ తిరిగి రావాలి. మరమ్మతు చేయమని ఇంజినీర్లు ఏడాది కిందటే రిపోర్ట్ ఇచ్చారు.

స్పాట్‌కి బయల్దేరే ముందు ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. పగులు, గొలుసు కట్టిన దారి, వెనక్కి తిరుగుతున్న బండ్లు చూడాల్సినవి. రోజూ పిల్లని బడికి తీసుకెళ్లే తల్లి ఇప్పుడు ఎన్నింటికి లేస్తోందో ఆమె గొంతులోనే వినాలి. రిపోర్ట్ ఎప్పుడు వచ్చింది, ఎవరి దగ్గర ఆగింది, డబ్బు ఎందుకు విడుదల కాలేదు అన్నది రాతలో చెప్పాల్సింది. ఇన్ని తేదీలు వీడియోలో చెబితే చూసేవాళ్లకి ఒక్కటీ గుర్తుండదు. చుట్టుదారి సంగతి నాలుగో గడి, అంటే మ్యాప్ పని. ఏ గడిలోనైనా రాయడానికి ఏమీ దొరకలేదంటే ఆ వార్తకి ఆ మాధ్యమం అక్కర్లేదు. ఎడిటర్ అడిగినా ఆ మాట ధైర్యంగా చెప్పండి.

ముందు చెవి

నేర్చుకునే వరసలో ఆడియోని మొదట పెట్టమంటాను. బొమ్మ కాస్త కదిలినా జనం ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే వెంటనే వెళ్లిపోతారు. పైగా ఆడియో నేర్చుకుంటే మనిషిని మాట్లాడించడం వస్తుంది, అది అన్ని మాధ్యమాలకీ పనికొస్తుంది.

రికార్డింగ్‌కి ముందు ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, రికార్డ్ అవుతున్నది మీరే వినండి. మన చెవి ఫ్యాన్ శబ్దాన్ని పక్కకి నెట్టేస్తుంది, మైక్ నెట్టదు. ఫ్యాన్, ఫ్రిజ్, రోడ్డు వైపు కిటికీ, వీటిలో ఆపగలిగినవి ఆపించండి. కాలర్ మైక్ అయితే గడ్డానికి జానెడు కింద ఉంచి, గొలుసులకీ బట్టల మడతలకీ తగలకుండా చూసుకోండి. శబ్దం ఎంత గట్టిగా రికార్డ్ అవుతోందో చూపించే మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ చుట్టుపక్కల ఆడుతుంటే క్షేమం. సున్నాని తాకిందంటే గొంతు పగులుతుంది, తర్వాత ఎడిటింగ్‌లో ఎంత తిప్పలు పడినా అది పూర్తిగా బాగుపడదు.

ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మనకి "ఊ", "అవునా", "అయ్యో" అనే అలవాటు ఉంటుంది. మాటల మధ్యలో మన గొంతు దూరితే ఆ బైట్ కట్ చేయడం కష్టం. కళ్లతో, తలతో స్పందించండి చాలు. మన ప్రశ్న ఎలాగూ ఎడిటింగ్‌లో పోతుంది కాబట్టి జవాబు దానంతటదే అర్థమయ్యేలా రాబట్టాలి. "ఇబ్బందిగా ఉందా?" అని అడిగితే "అవునండీ" అని ఊరుకుంటారు. "వంతెన మూసిన మర్నాడు పొద్దున ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పండి" అంటే కథ వస్తుంది. జవాబు అయ్యాక మీరు వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి. నాలుగైదు సెకన్లు ఆగితే, చాలాసార్లు అసలు మాట అప్పుడే బయటికి వస్తుంది.

వెళ్లిపోయే ముందు ఎవరూ మాట్లాడకుండా అక్కడి శబ్దాన్ని ఒక నిమిషం రికార్డ్ చేయండి. రెండు బైట్ల మధ్య అతుకు కనపడకుండా ఉండాలంటే ఆ నిమిషమే దిక్కు.

తర్వాత కన్ను

అడ్డంగా తీయాలా నిలువుగా తీయాలా అన్నది స్పాట్‌కి వెళ్లకముందే తేల్చుకోండి. యూట్యూబ్‌కి, టీవీకి అడ్డంగా, అంటే 16:9; రీల్స్‌కి, షార్ట్స్‌కి నిలువుగా, అంటే 9:16. రెండూ కావాలంటే ముఖ్యమైన షాట్లు రెండు రకాలుగానూ తీయాలి, షాట్ మధ్యలో ఫోన్ తిప్పకూడదు. జూమ్ జోలికి పోకుండా నడిచి దగ్గరికి వెళ్లండి. ప్రతి షాట్‌నీ కదపకుండా పది సెకన్లు పట్టుకోండి. వాడేది మూడే కావచ్చు, కానీ ఆ మూడు ఎక్కడ దొరుకుతాయో తీసేటప్పుడు తెలియదు.

ఏ పనినైనా ఐదు షాట్లలో తీయడం పాత పద్ధతే, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. వంతెనకి గొలుసు బిగిస్తున్న మనిషిని తీయాలి. తాళం తిప్పుతున్న చేతులు దగ్గర్నుంచి ఒకటి, అతని ముఖం ఒకటి. దూరం నుంచి మనిషి, గొలుసు, వెనక ఖాళీ వంతెన కలిపి ఒకటి. అతని భుజం మీదుగా, అతనికి కనిపిస్తున్నది ఒకటి. ఐదోది మీ ఇష్టం, గొలుసు కిందనుంచి కావచ్చు, అవతలి ఒడ్డు నుంచి కావచ్చు. ఈ ఐదూ ఉంటే ఇరవై సెకన్ల కథ దానంతటదే కూర్చుంటుంది.

కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న దేశాల్లో ట్యూబ్‌లైట్ల కింద తీస్తే తెర మీద చారలు రావచ్చు. కెమెరా సెట్టింగ్స్‌లో సెకనుకి 25 ఫ్రేములు, షటర్ స్పీడ్ 1/50 సెకను పెట్టుకుంటే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది.

రాత మారాలి

పేపర్ ఇంట్రో ఇలా ఉండొచ్చు: "పిల్లర్లలో పగుళ్లు బయటపడటంతో పాత వంతెనపై రాకపోకలను అధికారులు బుధవారం నిలిపివేశారు. మరమ్మతులు చేయాలని ఇంజినీర్లు ఏడాది క్రితమే నివేదిక ఇచ్చినా పనులు మొదలుకాలేదు." ఇదే వాక్యాన్ని వాయిస్ ఓవర్‌గా, అంటే వీడియో వెనక వినిపించే గొంతుగా చదివితే నోరు తిరగదు, చెవికీ ఎక్కదు. తెర మీద గొలుసు కనిపిస్తుంటే "గొలుసు కట్టారు" అని చెప్పడం కూడా దండగ. బొమ్మలో లేనిది చెప్పాలి: "ఈ పగులు సంగతి ఏడాది కిందటే తెలుసు. రిపోర్ట్ కూడా ఉంది."

అంకెల విషయంలోనూ అంతే. రాతలో 11,870 మంది అని ఉండాలి, గొంతులో "దాదాపు పన్నెండు వేల మంది" అనాలి. వెబ్ కాపీలో "ఇవాళ", "నిన్న" మానేసి తేదీ వేయండి, ఆరు నెలల తర్వాత వెతుక్కుని వచ్చేవాళ్లూ ఉంటారు. వెబ్ హెడ్డింగ్‌లో వంతెన పేరు, ఊరు ఉండాలి. పేపర్‌లో పేజీ, ఫొటో తోడుంటాయి, సెర్చ్‌లో హెడ్డింగ్ ఒంటరిగా కనిపిస్తుంది. ఫోన్ అలర్ట్‌లో ఊరించడం వద్దు. వంతెన మూశారు, ఫలానా దారిన వెళ్లాలి, అంతే. అది చదివి బండి తిప్పుకునేవాళ్లు ఉంటారు.

వీడియోకి సబ్‌టైటిల్స్ తప్పనిసరి. వినపడనివాళ్లకి అవే ఆధారం, సౌండ్ తీసేసి చూసేవాళ్లూ ఎక్కువే. ఆటోమేటిక్‌గా వచ్చే సబ్‌టైటిల్స్‌లో పేర్లు, అంకెలు తప్పుతాయి కాబట్టి ఒక్కో లైనూ కళ్లతో చూడాలి. నిలువు వీడియోలో అక్షరాలు మరీ కిందికి పెడితే యాప్ బటన్ల వెనక దాక్కుంటాయి.

ఎవరో తీసిన వీడియో

2009 జనవరి 15న న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద విమానం దిగినప్పుడు, ఫెర్రీలో వెళ్తున్న ఒక ప్రయాణికుడు ఫోన్‌తో తీసి ట్విట్టర్‌లో పెట్టిన ఫొటో వెంటనే లోకమంతా తిరిగింది. అందరికంటే ముందు అక్కడుండటం ఇక మన చేతిలో లేదు. వచ్చింది నిజమో కాదో తేల్చడం మన చేతిలోనే ఉంది, దీంట్లో నేను అస్సలు రాజీపడను.

వంతెన కూలుతున్న వీడియో ఒకటి వాట్సాప్‌లో వచ్చిందనుకోండి. అందులోంచి మూడు నాలుగు ఫ్రేములు తీసి ఫొటోతో వెతికే గూగుల్ లెన్స్‌లో, టిన్‌ఐలో వెతకండి, పాతదైతే చాలాసార్లు అక్కడే దొరికిపోతుంది. సైన్‌బోర్డుల మీద భాష, బండ్ల నంబర్ ప్లేట్లు, నీడలు ఎటు పడుతున్నాయి, ఆ రోజు వాన ఉందా అన్నవి చూడండి. అన్నిటికంటే ముఖ్యం, తీసిన మనిషిని పట్టుకుని మాట్లాడటం. ఒరిజినల్ ఫైల్ అడగండి. ఫార్వర్డ్ అయిన కాపీలో తీసిన సమయం, చోటు లాంటి వివరాలు సాధారణంగా మిగలవు. వాడుకోవడానికి అనుమతి అడగండి, పేరు వేయమంటారో వద్దంటారో కూడా అడగండి.

ఏ వార్త ఎక్కడెక్కడ, ఎన్ని గంటలకు పెట్టారో ఒక షీట్‌లో రాసి ఉంచండి. పొరపాటు బయటపడితే వెబ్ కాపీలో దిద్ది ఊరుకుంటే చాలదు. రీల్, పాడ్‌కాస్ట్, అలర్ట్, ఎక్కడ తప్పు వెళ్లిందో అక్కడ సవరణ వెళ్లాలి.

ఇంట్లో సాధన

సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టక్కర్లేదు. ఆడియోకి ఆడాసిటీ ఉచితం. వీడియోకి డావించి రిజాల్వ్ ఉచిత వెర్షన్, చార్టులకీ మ్యాపులకీ డేటారాపర్ ఉచిత ఖాతా మొదట్లో సరిపోతాయి. బార్ చార్ట్ గీస్తే అడుగు సున్నా నుంచే మొదలవ్వాలి, లేకపోతే చిన్న తేడా పెద్దదిగా కనిపించి చదివేవాళ్లు మోసపోతారు. ఫైల్స్ మూడు కాపీలు ఉంచుకోండి, రెండు వేర్వేరు పరికరాల్లో, కనీసం ఒకటి ఇంకో చోట.

అన్నీ ఒకేసారి నేర్చుకోవద్దు. కొన్నాళ్లు ఆడియో ఒక్కటే చేయండి. మాటల మీద పట్టు వచ్చాక ఐదు షాట్లకి రండి, ఆ తర్వాతే మ్యాపులూ చార్టులూ.

వీడియో తయారయ్యాక దాన్ని రెండు రకాలుగా పరీక్షించండి. ఒకసారి తెర వైపు చూడకుండా వినండి, ఇంకోసారి సౌండ్ తీసేసి చూడండి. వింటున్నప్పుడు ఎక్కడ అర్థం కాలేదో, చూస్తున్నప్పుడు ఎక్కడ విసుగొచ్చిందో ఆ సెకన్లు రాసుకోండి. తర్వాతి స్పాట్‌లో ముందుగా తీయాల్సిన షాట్, అడగాల్సిన ప్రశ్న ఆ కాగితంలోనే ఉంటాయి.