మన లెక్కకు 14, స్కోర్ షీట్‌లో 11: ఫార్మేషన్ స్కైడైవింగ్ కొత్త జట్లకు సమస్య - పరిష్కారం

కొత్తగా 4-వే పోటీకి (విమానం నుంచి దూకి, గాలిలో నలుగురు ఒకరినొకరు పట్టుకుని వరుసగా ఆకారాలు, అంటే ఫార్మేషన్లు, కట్టే పోటీ) దిగిన జట్లు నా దగ్గరికి తెచ్చే ఫిర్యాదు దాదాపు ఒకటే. వీడియోలో తాము లెక్కపెట్టుకుంటే 14 పాయింట్లు, స్కోర్ షీట్‌లో 11. "జడ్జీలు మూడు కొట్టేశారు" అంటారు. వీడియో పెట్టి చూస్తే చాలాసార్లు జడ్జీలు వేసిందే సరైనదని తేలుతుంది. ఆ మూడు ఎక్కడ పోయాయో, మళ్లీ పోకుండా ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను. ముందు మాటల సంగతి: ఎగ్జిట్ అంటే విమానం నుంచి దూకడం, గ్రిప్ అంటే ఇంకొకరిని పట్టుకునే పట్టు, రాండమ్ అంటే ఒకే ఫార్మేషన్, బ్లాక్ అంటే మధ్యలో ఇంటర్ అనే కదలికతో కలిపిన రెండు ఫార్మేషన్లు.

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సినవి

మీ వీడియోను మామూలు వేగంలో ఒకసారి చూశారా? చాలామంది చూడరు. జంప్ అయిపోగానే లాప్‌టాప్ ముందు చేరి స్లో మోషన్‌లో ఆపి ఆపి చూస్తారు. అలా చూస్తే అన్ని గ్రిప్పులూ దొరుకుతాయి, అన్ని విడుదలలూ కనపడతాయి. జడ్జీలు మాత్రం మామూలు వేగంలో చూసి పాయింట్లు వేస్తారు. ఆ వేగంలో వాళ్లకు స్పష్టంగా కనపడనిది మీరు చేసినా చేయనట్టే. ఫార్మేషన్‌నీ, ఇంటర్‌నీ, విడిపోవడాన్నీ స్పష్టంగా చూపించే బాధ్యత జట్టుదేనని నియమాల్లోనే రాసి ఉంది. అనుమానం వస్తే జట్టు పక్షాన తీర్పు ఇస్తారన్న ఆశ వదులుకోండి.

రెండోది, మీ చేతిలో ఉన్న నియమాల పుస్తకం ఏ సంవత్సరానిది? ఎఫ్‌.ఏ.ఐ. (ప్రపంచ గగన క్రీడల సమాఖ్య) కింద ఉన్న అంతర్జాతీయ స్కైడైవింగ్ కమిషన్ పోటీ నియమాలను ఏటా సవరిస్తుంది. కొత్త ప్రతి మార్చి 1 నుంచి అమల్లోకి వస్తుంది. ఎవరో పాత సీనియర్ ఇచ్చిన డైవ్ పూల్ (పోటీలో వచ్చే ఫార్మేషన్ల బొమ్మల జాబితా) ప్రింటవుట్ పట్టుకుని సాధన చేసే జట్లు ఇప్పటికీ కనపడుతున్నాయి. పది నిమిషాల పని ఇది. దయచేసి చేయండి.

లక్షణం: రాండమ్‌లు బాగానే కట్టారు, అయినా పాయింట్లు పోతున్నాయి

అసలు దొంగ ఇక్కడ ఉన్నాడు. పేరు టోటల్ సెపరేషన్, అంటే నలుగురూ పూర్తిగా విడిపోవడం.

ఎగ్జిట్ తర్వాత కట్టే మొదటి ఫార్మేషన్‌ను పక్కన పెడితే, ప్రతి స్కోరింగ్ ఫార్మేషన్‌కూ ముందు సరైన సెపరేషన్ గానీ, బ్లాక్ మధ్యలో అయితే సరైన ఇంటర్ గానీ ఉండాలి. అది తప్పితే తర్వాత ఎంత అందంగా కట్టినా ఆ పాయింట్ రాదు. తప్పు జరిగింది ఒకచోట, పాయింట్ పోయేది ఇంకోచోట. మీరు పోయిన పాయింట్ దగ్గర వీడియో ఆపి "గ్రిప్పులన్నీ ఉన్నాయి కదా" అని వాదిస్తుంటారు. చూడాల్సింది దానికి ముందు అర సెకను.

సెపరేషన్ నిర్వచనంలో రెండు షరతులున్నాయి. ఒకే క్షణంలో జట్టులోని అందరూ అన్ని గ్రిప్పులూ వదిలి ఉండాలి. అదే క్షణంలో ఎవరి చేయీ, చేతిలో ఏ భాగమూ ఇంకొకరి ఒంటికి తగిలి ఉండకూడదు. ఈ రెండిటినీ విడివిడిగా చూడాలి.

"ఒకే క్షణంలో" అన్న మాట దగ్గరే ఎక్కువమంది దెబ్బ తింటారు. టెయిల్, ఇన్‌సైడ్ సెంటర్, అవుట్‌సైడ్ సెంటర్, పాయింట్ అనేవి జట్టులో నలుగురి స్థానాల పేర్లు. టెయిల్ తన గ్రిప్ వదిలాడు. ఇన్‌సైడ్ సెంటర్ వదిలాడు. అవుట్‌సైడ్ సెంటర్ కూడా వదిలి, చురుగ్గా ఉన్నాడు కాబట్టి తర్వాతి ఫార్మేషన్‌కు కావాల్సిన కాలు అప్పుడే పట్టేశాడు. సరిగ్గా అప్పుడు పాయింట్ స్థానంలో ఉన్నవాడు పాత గ్రిప్ వదులుతున్నాడు. నలుగురినీ విడిగా అడిగితే నలుగురూ "నేను వదిలాను" అంటారు, నిజమే చెబుతారు. కానీ నలుగురి చేతులూ కలిసి ఖాళీగా ఉన్న క్షణం ఒక్కటీ లేదు. అందుకే ఈ తప్పు జట్టు లోపలి నుంచి ఎవరికీ కనపడదు. వీడియోలో కూడా ఒక్కొక్కరిని విడిగా చూసుకుంటే దొరకదు.

చేయి తగలడం రెండో రకం. స్టార్‌లో నలుగురూ వలయంగా చేతులు పట్టుకుంటారు. కీ (వదలమని ఇచ్చే సైగ) రాగానే వేళ్లు విప్పుతారు. వేళ్లు విప్పినా ముంజేతులు పక్కవాడి ముంజేతుల మీదే ఆని ఉంటాయి. గ్రిప్ లేదు, కానీ చేయి తగిలే ఉంది, కాబట్టి సెపరేషన్ లేదు. సైడ్‌బాడీ లాంటి వాటిలో చేయి అవతలివాడి తొడ మీద వాలి ఉండటం కూడా ఇలాంటిదే. కాళ్లు కాళ్లకు తగిలితే ఈ ఇబ్బంది లేదు, నియమం చేతుల గురించే చెబుతుంది.

సెపరేషన్ ఎక్కడెక్కడ కావాలో తెలియాలంటే డ్రా (ఆ రౌండ్‌కు లాటరీలో వచ్చిన ఫార్మేషన్ల వరుస) రాసుకుని వాటి మధ్య గీతలు పెట్టుకోండి. ఉదాహరణకు కె, 22, ఎం, 7 వచ్చాయనుకుందాం (అక్షరాలు రాండమ్‌లు, అంకెలు బ్లాక్‌లు). అంటే హుక్, తర్వాత టీ–చైనీస్ టీ బ్లాక్, తర్వాత స్టార్, తర్వాత సైడ్‌బడ్డీస్ బ్లాక్. రాండమ్‌కు ఒకటి, బ్లాక్‌కు రెండు చొప్పున మొత్తం ఆరు పాయింట్ల పేజీ (సీక్వెన్స్ ఒక చుట్టు). ఇందులో ఇంటర్లు రెండు, సెపరేషన్లు నాలుగు. మూడే కదా అనిపిస్తే మీరు చివరిది మరిచిపోయారు. వర్కింగ్ టైమ్ (పాయింట్లు లెక్కించే సమయం) 35 సెకన్లు అయ్యేదాకా సీక్వెన్స్ మళ్లీ మొదటి నుంచి తిరుగుతుంది. సైడ్‌బడ్డీస్ రెండో సగం నుంచి మళ్లీ హుక్‌కు వెళ్లే చోట కూడా సెపరేషన్ కావాలి. పేజీ తిరిగే ఈ చోటును నేల మీద నడుస్తూ చేసే రిహార్సల్, అంటే డర్ట్ డైవ్‌లో చాలా జట్లు చేయనే చేయవు. ఒక పేజీ నడిచి ఆపేసి, "తర్వాత అదే రిపీట్" అంటారు. స్కోర్ షీట్ తీసి చూడండి, పోయిన వాటిలో ఏడో పాయింట్, పదమూడో పాయింట్ ఉన్నాయేమో. ఆరు పాయింట్ల పేజీ అయితే అవే పేజీ మొదళ్లు.

ఇప్పుడు పరిష్కారం. గ్రిప్పులు ఇంకా త్వరగా వదలాలని చాలామంది అనుకుంటారు. వదలడం అరుదుగా సమస్య అవుతుంది. ముందే పట్టుకోవడమే అసలు సమస్య. శరీరం ఇంకా తన స్థానానికి చేరకముందే చేయి చాపి పట్టుకునే అలవాటు వల్ల నలుగురూ ఖాళీగా ఉండే క్షణం మాయమవుతుంది. ముందు శరీరం ఎగురుతూ వెళ్లి తన చోట కుదురుకోవాలి, గ్రిప్ చివర్లో దానంతట అది చేతికి అందాలి. మంచి జట్లు వేగంగా కనపడటానికి కారణం ఇదే. వాళ్ల చేతులు ఒంటికి దగ్గరగా ఉంటాయి, దూరం నుంచి చాపవు. కీ రాగానే చేతిని ఒకసారి తన వైపుకు తెచ్చుకుని తర్వాతే ముందుకు పోనివ్వాలి. దీనివల్ల సమయం పోతుందని టెన్షన్ పడతారు. పాయింట్‌కు పిసరంత ఆలస్యమైతే 35 సెకన్లలో మహా అయితే ఒక పాయింట్ తగ్గుతుంది. ఇప్పుడు మీకు పోతున్నవి మూడు.

రెండోది, కీ ఎవరిస్తున్నారు? ఆఖరి గ్రిప్ పడటాన్ని కళ్లతో చూడగలిగినవాడే ఇవ్వాలి. ప్రతి ఫార్మేషన్‌కూ ఆ మనిషి వేరే కావచ్చు. డ్రా పక్కనే పేరు రాసుకోండి. కీ ఇచ్చేవాడిని మిగతా ముగ్గురూ చూడగలగాలి. కీ కనపడనివాడు పక్కవాడు కదిలాక కదులుతాడు, ఆలస్యం అక్కడే పుడుతుంది.

మూడోది డీబ్రీఫ్ (జంప్ తర్వాత సమీక్ష) పద్ధతి. మొదట మామూలు వేగంలో, నలుగురూ మాట్లాడుకోకుండా విడివిడిగా పాయింట్లు వేసుకోండి. తర్వాత కాగితాలు పక్కపక్కన పెట్టండి. ఎక్కడ అభిప్రాయం తేడా వచ్చిందో అక్కడే జడ్జీల ప్యానెల్ కూడా చీలుతుంది. ఆ చోట మాత్రం స్లో మోషన్ పెట్టి, ఎవరు ముందు పట్టారో ఎవరు వెనక వదిలారో చూడండి. ఈ వరుసను తిరగేస్తే ప్రయోజనం ఉండదు.

కెమెరా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మీ వీడియోగ్రాఫర్ పక్క నుంచి, తక్కువ కోణంలో తీస్తే కెమెరాకు దగ్గరగా ఉన్నవాడి చేతులు అతని ఒళ్లు, రిగ్ (వీపు మీది పారాచూట్ సంచి) వెనక దాగిపోతాయి. మీరు విడిపోయినా అది కనపడదు. నిటారుగా పైనుంచి, నలుగురి కాళ్లూ చేతులూ ఫ్రేమ్‌లో ఉండేలా తీయాలి. స్పష్టంగా చూపించకపోవడం కూడా నియమాల్లో తప్పు కిందికే వస్తుంది. వీడియోగ్రాఫర్‌ను డర్ట్ డైవ్‌కు పిలవని జట్లకు నేను చెప్పే మొదటి మాట, పిలవండి. అతను జట్టులో మనిషే.

లక్షణం: ఒకే రౌండ్‌లో స్కోరు దారుణంగా పడిపోయింది

ఇది ఒమిషన్. ఒకరికి బుర్ర ఆగిపోయి సీక్వెన్స్‌లో ఒక ఫార్మేషన్‌ను గానీ ఇంటర్‌ను గానీ దాటేసి, జట్టు దాని బదులు ఇంకోటి చూపించింది. మామూలు తప్పుకు ఆ పాయింట్ మాత్రమే రాదు. ఒమిషన్‌కు మూడు పాయింట్లు కోస్తారు. మరిచిపోయినప్పుడు ఊహించి ముందుకు పోవద్దు. ఎదురుగా ఉన్నవాడిని చూడండి, అతను చూపిస్తాడు. ఒక సెకను ఆగినా నష్టం తక్కువే. ఇంకో విషయం, ఫార్మేషన్ అసంపూర్ణంగా ఉన్నంత మాత్రాన తప్పు కాదు. దాన్ని అలాగే వదిలేసి విడిపోయినప్పుడు తప్పవుతుంది. గ్రిప్ పడలేదని చూస్తే కీ ఆపండి, సరిచేసుకోండి, అప్పుడు వదలండి.

లక్షణం: ఒకే బ్లాక్ ప్రతిసారీ పోతోంది

ఇంటర్ చూడండి. సబ్‌గ్రూపులు (బ్లాక్ మధ్యలో జట్టు విడిపోయే చిన్న గుంపులు) తిరగాల్సినంత తిరగకపోవడం, లేదా తిరిగేటప్పుడు సబ్‌గ్రూపు లోపలి గ్రిప్ ఊడిపోవడం. అవి రెండూ కాకపోతే అద్దం బొమ్మ. రాండమ్‌ను కుడి ఎడమలు మార్చి కట్టొచ్చు. బ్లాక్‌ను కూడా మార్చొచ్చు, కానీ మొత్తం బ్లాక్‌ను మార్చాలి. మొదటి ఫార్మేషన్ ఒకవైపు, రెండోది ఇంకోవైపు కుదరదు. డైవ్ పూల్ బొమ్మ నేల మీద పరిచి నడవండి, ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

లక్షణం: మొదటి పాయింట్ ఆలస్యంగా వస్తోంది

వర్కింగ్ టైమ్ ఎగ్జిట్‌తోనే మొదలవుతుంది. వీడియోగ్రాఫర్ కాకుండా జట్టులో ఎవరైనా ఒక్కరు విమానం వదిలిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది. ఒకడు ముందు జారితే మిగతా ముగ్గురు తలుపు దగ్గరున్న సమయం కూడా మీ ఖాతాలోనే. ఎగ్జిట్ కౌంట్ సాధన చేయండి.

వీఎఫ్‌ఎస్, 2-వే ఎంఎఫ్‌ఎస్, ఇండోర్: కొత్త ఈవెంట్లకు మారినవాళ్లకు

బొక్కబోర్లా ఎగిరే 4-వే నుంచి వర్టికల్ ఫార్మేషన్‌కు (వీఎఫ్‌ఎస్, ఒంటిని నిలువుగా ఉంచి ఎగిరేది) మారిన జట్లు అక్కడ డైవ్ పూల్ వేరే కాబట్టి నియమాలన్నీ వేరే అనుకుంటాయి. వర్కింగ్ టైమ్ అదే 35 సెకన్లు, సెపరేషన్ నియమమూ అలాగే ఉంటుంది. అదనంగా వచ్చేది శరీర దిశ. తల కిందికి ఉండాల్సిన చోట తల కిందికే ఉండాలి, అది కూడా స్పష్టంగా కనపడాలి.

అమెరికా జాతీయ పోటీల్లో ఉన్న 2-వే మిక్స్‌డ్ ఫార్మేషన్‌లో (ఎంఎఫ్‌ఎస్, బోర్లా, నిలువు రెండూ కలిసినది) ఇద్దరే ఉంటారు. నలుగురిని పోగుచేయలేని వాళ్లకు మంచి ఈవెంట్. ఇద్దరే కాబట్టి ఎవరు వదల్లేదన్న గొడవ ఉండదు. బోర్లా నుంచి నిలువుకు మారేటప్పుడు దిశ పూర్తవకముందే గ్రిప్ పట్టడం ఇక్కడి సమస్య. మందు పైన చెప్పిందే, ముందు ఒళ్లు, తర్వాత చేయి.

ఇండోర్ పోటీల్లో కెమెరా స్థిరంగా ఉంటుంది, వీడియోగ్రాఫర్ మీద నెపం పెట్టడానికి వీల్లేదు. సెపరేషన్ అలవాటు చేసుకోవడానికి టన్నెల్‌ను (కింది నుంచి గాలి ఊదుతూ ఎగరనిచ్చే గదిని) మించిన చోటు లేదు. ఒకే మార్పును వెంటవెంటనే ఎన్నిసార్లయినా చేసి వీడియో చూసుకోవచ్చు. ఇప్పుడు హైదరాబాద్‌లో కూడా టన్నెల్ ఉంది. విడిగా ఎగరడం నేర్చుకున్న మన పిల్లలు నలుగురుగా కలవాలనుకుంటే వేరే దేశం వెళ్లేదాకా ఆగక్కర్లేదు.

అరుదైనవి

మబ్బు అడ్డొచ్చి వీడియో కనపడకపోవడం, కెమెరా పరికరం మీ చేతిలో లేని కారణంతో ఆగిపోవడం జరిగితే రీజంప్ (ఆ రౌండ్‌ను మళ్లీ దూకనివ్వడం) ఇచ్చే అవకాశం ఉంటుంది. అది జడ్జీలు తేలుస్తారు. జట్టులో ఇద్దరు గుద్దుకున్నారని, వీడియోగ్రాఫర్ తగిలాడని, ఎవరిదో ఎత్తు చూపే ఆల్టీమీటర్ పనిచేయలేదని రీజంప్ అడగకండి, రాదు. తర్వాతి రౌండ్ డర్ట్ డైవ్‌కు వెళ్లండి, ఈసారి రెండో పేజీ దాకా నడవండి.