కిస్మిస్ డబ్బాలో రెక్కల పురుగులు: నా అనుభవం

మహబూబ్‌నగర్‌లోని మా వంటింట్లో దీపం వేయగానే బూడిదరంగు రెక్కల పురుగులు లేచేవి. కిస్మిస్, జొన్నరవ్వ సన్నని దారాలతో ఉండలు కట్టేవి. వేపాకు, లవంగాలు, ఎండబెట్టడం అన్నీ అయ్యాయి.

చివరికి గూడు కట్టినవన్నీ పారేశాను. బాగున్నవాటిని అరకిలో కవర్లుగా మూసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర వారం ఉంచాను. చలి మధ్యదాకా చేరితేనే గుడ్లు చస్తాయి. ఈలోగా అలమర ఖాళీ చేస్తే అసలు సంగతి బయటపడింది. డబ్బా మూత మరల్లో, చెక్క పగుళ్లలో, చివరికి మేకు రంధ్రంలోనూ తెల్లటి పట్టుగూళ్లు! ఎదిగిన గొంగళిపురుగు గూడు కట్టుకోవడానికి తిండి వదిలి అక్కడికే పాకుతుందట. సూదితో గీకి, సబ్బునీళ్లతో తుడిచి, బాగా ఆరాకే సర్దాను. కవర్లను గది వేడికి వచ్చాక విప్పాను, లేకపోతే చెమ్మ పడుతుంది.

నాలుగు నెలలుగా ఒక్కటీ కనబడలేదు. బస్తాల్లో జొన్నలు నిల్వచేసేవారికి మాత్రం ఇది కుదరదు.