వీలునామాలో ఎగ్జిక్యూటర్‌గా మీ పేరుందా? పంచేముందు ఇది చదవండి

పోయినవారం తెలిసినాయన ఒకాయన ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాడు, ఏడుపొక్కటే తక్కువ. వాళ్ళ పెదనాన్న వీలునామాకి ఈయనే ఎగ్జిక్యూటర్, అంటే పోయినాయన అప్పులు తీర్చి ఆస్తి పంచిపెట్టమని వీలునామాలో పేరు రాసిన మనిషి. పెద్దాయన పోయి మూడు నెలలు కూడా కాలేదు, వారసులు రోజూ ఫోన్లు, "అన్నయ్యా మా వాటా ఎప్పుడిస్తావ్" అని. మొహమాటానికి పోయి బ్యాంకులో ఉన్నదంతా పంచేశాడు. తర్వాత బయటపడింది, పెద్దాయన ఎవరిదో లోనుకి షూరిటీ సంతకం పెట్టాడని, వాడు కట్టడం మానేశాడని. నోటీసు ఈయనకొచ్చింది. తమ్ముళ్ళేమో "ఖర్చయిపోయాయి అన్నయ్యా" అంటున్నారు.

వీలునామా సరిగ్గా చదవండి, నిజాయితీగా ఉండండి లాంటివి నేను చెప్పను, అవి మీకు తెలుసు. నేను చూసినంతలో కొంప ముంచేది దాదాపు ఎప్పుడూ ఒకటే, అప్పులు తేలకముందే పంచడం. కాజేసి ఇరుక్కున్నవాళ్ళకంటే మంచితనానికి పోయి ఇరుక్కున్నవాళ్ళే ఎక్కువ.

ఒప్పుకునే ముందు: పేరు రాశారని చెయ్యాల్సిందేనని లేదు, తప్పుకోవచ్చు. కానీ అద్దెలు వసూలు చేసి, సామాన్లు అమ్మి, ఆస్తి మీద ఒకసారి చెయ్యి వేశాక ఇక నాకొద్దు అంటే కుదరడం కష్టం.

ఎవరికి ముందు: అంత్యక్రియల ఖర్చు, ప్రొబేట్ (వీలునామా అసలైందేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) ఖర్చులు, తర్వాత అప్పులు, ట్యాక్సులు. ఇవన్నీ అయ్యాకే ఫలానా నగ ఫలానా వాళ్ళకి, ఇంత డబ్బు వీళ్ళకి అని రాసినవి. ఆఖర్న మిగిలింది మిగులు ఎవరికి రాశారో వాళ్ళకి. కింద ఉన్నవాళ్ళకి ముందే ఇచ్చేసి పైవాళ్ళకి చాలకపోతే ఆ తేడా మీ జేబులోంచి కట్టాల్సి రావచ్చు. వారసుల దగ్గర వెనక్కి వసూలు చేసుకునే హక్కు ఉంటుందనుకోండి, అది కోర్టు చుట్టూ తిరిగే హక్కు.

టైమ్: తొందరపెట్టేవాళ్ళకి ఇది చెప్పండి. ఇంగ్లండ్‌లోనూ ఇండియాలోనూ మనిషి పోయిన రోజు నుంచి 1 సంవత్సరం దాకా పంచి తీరాలని ఎగ్జిక్యూటర్‌ మీద బలవంతం లేదు, రెండు చోట్లా ఆ మాట 1925 నాటి చట్టాల్లోనే ఉంది. అలాగని ఏడాదీ నోరు మూసుకుని కూర్చోమని కాదు. ఇండియాలో ప్రొబేట్ తీసుకుంటే 6 నెలల్లో ఆస్తులు అప్పుల జాబితా, ఏడాదిలో లెక్కలు కోర్టుకివ్వాలి. ఆ జాబితా వారసులకీ ఇవ్వండి, అందరికీ ఒకే రోజు, ఒకే కాగితం. ఒకరికి ఫోన్లో ఇంకొకరికి మెసేజ్‌లో చెప్తే అనుమానాలు అక్కడే మొదలవుతాయి.

ఇక మిగతావి గుర్తొచ్చిన వరసలో రాసేస్తున్నా.

ఎస్టేట్ డబ్బుకి, అంటే పోయినవాళ్ళు వదిలివెళ్ళిన డబ్బుకి, వేరే అకౌంట్ తెరవండి, మీ అకౌంట్‌లో ఒక్క రోజు కూడా పెట్టొద్దు.

షూరిటీలు, చేబదుళ్ళు, పాత ట్యాక్స్ నోటీసులు వెతకండి, బీరువా అడుగు దాకా వెతకండి. అప్పులవాళ్ళుంటే రమ్మని పేపర్లో ప్రకటన ఇవ్వండి.

ఇల్లు మీరే కొనుక్కోవద్దు. సరైన రేటే ఇచ్చినా సరే, అందరూ రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే రేపు దొంగ మీరే.

ఖాళీ ఇంటికి ఇన్సూరెన్స్ ఆగిపోయిందేమో చూడండి, అది కాలిపోతే అడిగేది మిమ్మల్నే.

ఎస్టేట్ డబ్బు షేర్లలో పెట్టి పెంచుదామనుకోకండి. మీ పని పెంచడం కాదు.

మీరూ ఒక వారసులే అయితే మీ వాటా ఆఖర్న తీసుకోండి.

మైనర్ వాటా వాళ్ళ మేనమామ చేతిలో పెట్టెయ్యొద్దు, లాయర్ని అడగండి.

రసీదు లేకుండా చెంచా కూడా ఇవ్వొద్దు.

మళ్ళీ చెప్తున్నా, అప్పులు తేలకుండా పైసా పంచొద్దు. అక్కయ్య ఏడ్చినా పంచొద్దు, బావ అరిచినా పంచొద్దు. తేలాక కూడా ఆఖరి ట్యాక్స్ బిల్లుకని కొంత పక్కన పెట్టే పంచండి.

"అవసరమైతే తిరిగిచ్చేస్తాం, ఇదిగో రాసిస్తాం" అంటారు. ఆ కాగితం వాళ్ళ దగ్గర డబ్బున్నంతవరకే పనికొస్తుంది.