ఫైబర్‌కి మారుతున్నారా? ముందు ఇంట్లోకి ఏ వైరు వస్తుందో అడగండి

బెంగళూరు పాత ఏరియాల్లో ఇంకా ల్యాండ్‌లైన్ వైరు మీదే నెట్ వాడుతున్న ఇళ్లూ షాపులూ ఉన్నాయి. ఆ రాగి తీగ మీద ఏడీఎస్ఎల్ 2 ప్లస్ అనే పాత నెట్ టెక్నాలజీ‌కి కాగితం మీదే 24 ఎంబీపీఎస్, అప్‌లోడ్ ఒకటి అటూ ఇటూ, టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ దూరమయ్యే కొద్దీ అదీ తగ్గుతుంది, వానకి జాయింట్లలో నీళ్లు చేరితే ఇక చెప్పక్కర్లేదు. అనంతపురంలో ఉన్న అమ్మానాన్నలకి వీడియో కాల్ చేస్తే మన ముఖం ఆగి ఆగి కనిపించేది ఈ అప్‌లోడ్ వల్లే.

ఫైబర్‌కి, అంటే వెలుతురుతో నెట్ తెచ్చే గాజు పోగుకి, మారండి, కానీ ఫైబర్ అని అమ్మేదంతా ఫైబర్ కాదు. చాలా బిల్డింగుల్లో ఫైబర్ మెట్ల కింద పెట్టె దాకా వచ్చి ఆగిపోతుంది, అక్కణ్నుంచి మీ ఫ్లాట్‌కి వచ్చేది లాన్ కేబుల్, అదీ రాగే. డబ్బు కట్టకముందే అడగండి. నిజంగా ఇంట్లోకి ఫైబర్ వస్తే సన్నటి కేబుల్, చివర ఆకుపచ్చదో నీలందో చిన్న కనెక్టర్, ఆ వెలుతురు సిగ్నల్‌ని నెట్‌గా మార్చే ఓఎన్‌టీ అనే పెట్టె, దాని మీద పాన్ (PON) అని లైటు ఉంటాయి.

గోడకి రంధ్రం వేయాలి కాబట్టి ఓనర్‌కో అసోసియేషన్‌కో ముందే చెప్పండి. టెక్నీషియన్ వీలు చూసుకుని ఆ పెట్టెని గుమ్మం పక్కనే పెట్టేస్తానంటాడు, ఒప్పుకోకండి, ఇంటి మధ్యలో ప్లగ్ పాయింట్ దగ్గర పెట్టించండి.

అతను జాయింట్ వేసేటప్పుడు పక్కనే నిలబడండి. పైతొడుగు ఒలిచి, వెంట్రుకంత గాజు పోగుని స్పిరిట్‌తో తుడిచి, సమంగా కోసి స్ప్లైసింగ్ మెషీన్లో పెడతాడు, అతుక్కున్నాక స్క్రీన్ మీద సిగ్నల్ నష్టం 0.01, 0.02 డీబీ అని పడుతుంది. చేత్తో బిగించే కనెక్టర్‌తో సరిపెడతానంటే స్ప్లైసింగే కావాలని గట్టిగా అడగండి, చేత్తో బిగించినవి కొన్నాళ్లకి వదులై నెట్ వస్తూ పోతూ ఉంటుంది. తర్వాత పవర్ మీటర్ పెట్టి ఇంటిదాకా సిగ్నల్ ఎంత అందుతోందో చూపించమనండి. మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే నిశ్చింత, మైనస్ 28, 29 అలా మైనస్ 27 కంటే కిందికి పోతే సరిచేసేదాకా సంతకం పెట్టొద్దు. ఫైబర్‌ని మూలల్లో మడిచి మేకులు కొట్టనివ్వకండి.

స్పీడ్ టెస్ట్ వైఫై మీద కాకుండా ల్యాప్‌టాప్‌కి లాన్ కేబుల్ గుచ్చి చేయండి. మీ పాత రౌటర్ పోర్ట్ 100 ఎంబీపీఎస్‌దే అయితే ఎంత ప్లాన్ తీసుకున్నా అంతకి మించి రాదు.

ఇంకో సంగతి, రాగి లైన్ మీద మామూలు ఫోన్‌కి కరెంటు ఎక్స్ఛేంజ్ నుంచే వస్తుంది, కాబట్టి ఇంట్లో కరెంటు పోయినా మోగుతుంది, ఫైబర్‌లో ఆ సౌకర్యం లేదు. ఓఎన్‌టీ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి దానికి తగ్గ చిన్న యూపీఎస్ కొనండి.

ఆఫీసూ, పీజీ హాస్టలూ నడిపేవాళ్లయితే రాగి లైన్ మీద ఏమేం వేలాడుతున్నాయో ముందే రాసుకోండి: ఫ్యాక్స్, ఇంటర్‌కమ్, అలారం, లిఫ్టులో ఫోన్, పాత స్వైపింగ్ మెషీన్. సీసీటీవీ బయట్నుంచి చూడాలంటే స్టాటిక్ ఐపీ (మారకుండా ఉండే నెట్ అడ్రసు) అవసరమవుతుందేమో కనుక్కోండి. లైన్ తెగితే ఎన్ని గంటల్లో బాగుచేస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. ప్లాన్ రేటుకి 18 శాతం జీఎస్టీ కలిపి లెక్కేసుకోండి.

పాత నంబరు ముఖ్యమైతే, బీఎస్ఎన్ఎల్ రాగి నుంచి బీఎస్ఎన్ఎల్ ఫైబర్‌కే మారేటప్పుడు అదే నంబరు ఉంచమని అడగొచ్చు, వేరే కంపెనీకి వెళ్తే ల్యాండ్‌లైన్ నంబరు వెంట రాదు, మన దగ్గర పోర్టింగ్ మొబైల్‌కే.

అన్నీ పనిచేస్తున్నాయని ఒక బిల్లు కాలం చూసుకున్నాకే పాత లైన్ తీయించండి, మోడెమ్ వాపసు ఇచ్చి రసీదు తీసుకుని, డిపాజిట్ ఎప్పుడు వస్తుందో అక్కడే అడగండి.