ఎండల్లో తొలి ముద్ద: ఆరు నెలలు నిండే బిడ్డ ఉన్న ఇంట్లో ముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మా చెల్లెలు గుంటూరులో ఉంటుంది. దాని కూతురికి మే రెండో వారంలో ఆరు నెలలు నిండుతాయి. తల్లిపాలు తప్ప మరోటి ఎరగని పిల్ల, రోహిణి కార్తె ఇంకో పదిహేను రోజులుందనగా మొదటి ముద్ద తింటుంది. పన్నెండేళ్ల కిందట విజయవాడలో మా పెద్దాడికీ ఇలాగే నడివేసవిలో మొదలుపెట్టాం. అప్పుడు నేను రెండు తప్పులు చేశాను. పల్చగా పెట్టాను, నిల్వ ఉన్నది పెట్టాను. మొదటిదానివల్ల వాడు రక్తం తగ్గి పాలిపోయాడు. రెండోదానివల్ల విరేచనాలతో రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. ఏం పెట్టాలో చెప్పేవాళ్లు ప్రతి ఇంట్లో నలుగురుంటారు. చెల్లెలికి మాత్రం గిన్నె పట్టుకున్న ప్రతిసారీ రెండు ప్రశ్నలు వేసుకోమన్నాను: ఇది ఎప్పుడు వండింది? చెంచాలో నిలుస్తోందా?

ముందు తేదీ సంగతి. "ఆరో నెల వచ్చింది కదా, ఇక పెట్టొచ్చు" అంటుంటారు. ఆరో నెల రావడం వేరు, ఆరు నెలలు నిండడం వేరు. మధ్యలో నెల తేడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది నిండు ఆరు నెలలు, అంటే 180 రోజులు. ఆడపిల్లకు బేసి నెలలో అన్నప్రాశన చేసే ఆనవాయితీ ఉన్న ఇళ్లలో ఐదో నెలకే ముహూర్తం పెట్టేస్తారు. చెల్లెలి అత్తగారు కూడా అదే అన్నారు. మా అమ్మ ఆవిడతో, "వదినగారూ, బేసి నెలే కావాలంటే ఏడోది ఉంది కదండీ, అప్పటికి పిల్లకి ఆరు నిండుతాయి" అంది. ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు. పద్ధతీ పోలేదు, పిల్లకీ మేలు జరిగింది.

తేదీ ఒక్కటే చూసినా చాలదు. బిడ్డ మెడ నిలబడాలి, కాస్త ఆసరా ఇస్తే కూర్చోవాలి, చెంచా పెదవికి తగలగానే నాలుకతో బయటికి నెట్టెయ్యడం మానాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే ఎప్పుడు మొదలుపెట్టాలో పిల్లల డాక్టరునే అడగండి. జ్వరం ఉన్న రోజునో, టీకా వేయించిన రోజునో మొదలుపెట్టొద్దు. ఒళ్లు వెచ్చబడితే అది టీకాదో తిండిదో తెలియక కంగారు పడతారు.

అన్నప్రాశన ఇంట్లో చేసినా, ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి సన్నిధిలో చేయించినా, ఆ రోజు పాయసం నాలుకకు తగిలితే చాలు. వచ్చిన ప్రతి బంధువూ తలా ఒక వేలు నాకించాల్సిన పని లేదు. అందరూ అక్షింతలు వేసి దీవించండి, తినిపించేది మాత్రం చేతులు కడుక్కున్న ఒక్కరే. తేనె జోలికి అసలు పోవద్దు. వస తేనెలో రంగరించి నాకించడం మన దగ్గర ఇంకా ఉంది. తేనెలో బోట్యులిజం అనే జబ్బు తెచ్చే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు. మనం ఇంట్లో వేడిచేస్తే అవి చావవు. ఏడాది లోపు బిడ్డ పేగుల్లో అవి పెరిగి, కండరాలు వాలిపోయేలా చేసే విషాన్ని పుట్టిస్తాయి. ఏడాది దాకా ఒక్క చుక్క కూడా వద్దు. ఉప్పు కూడా ఏడాది దాకా విడిగా వెయ్యనక్కర్లేదు. పంచదార, బెల్లం రెండేళ్ల దాకా అలవాటు చెయ్యకపోవడమే మేలు.

ఇప్పుడు చిక్కదనం. ఈ ఒక్కటీ నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు. పిల్లాడికి అరగదేమోనని పప్పు కట్టు వడకట్టి పట్టించేదాన్ని, చారు అన్నం పిండి ఆ నీళ్లు తాగించేదాన్ని, రాగి జావ సీసాలో పట్టేంత పల్చగా కాచేదాన్ని. గిన్నె ఖాళీ అవుతోంది కాబట్టి బాగా తింటున్నాడనుకున్నాను. తొమ్మిదో నెలలో బరువు ఆగిపోయింది. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 8 దగ్గర ఉంది.

లెక్క చూస్తే ఎందుకో అర్థమవుతుంది. బిడ్డ పొట్టలో కిలో బరువుకు 30 మిల్లీలీటర్లే పడుతుంది. ఏడు కిలోల బిడ్డయితే 200 చిల్లర. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య తల్లిపాలు కాక తిండి నుంచి రోజుకు 200 కిలో కేలరీల వరకు రావాలి. తొమ్మిది దాటాక 300. అంత చిన్న పొట్టను పప్పు నీళ్లతో నింపితే అది ఎక్కడి నుంచి వస్తుంది? పైగా కడుపు నిండినట్టుండి పాలు కూడా సరిగా తాగదు. చెంచా వంచితే ముద్ద నెమ్మదిగా జారాలి, నీళ్లలా కారకూడదు. అదే గుర్తు.

బియ్యం మూడు పాళ్లు, పెసరపప్పు ఒక పాలు దోరగా వేయించి మర ఆడించిన ఉగ్గు మన అమ్మమ్మల నాటిదే, దాన్ని మించింది కొనక్కర్లేదు. పప్పును వడకట్టకుండా మెదపండి. దించాక అర చెంచా నెయ్యి వెయ్యండి, పరిమాణం పెరగకుండానే బలం పెరుగుతుంది. రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, కొద్దిగా వేయించి పిండి పట్టిస్తే ఇంకో లాభం ఉంది. మొలకలో పుట్టే ఎంజైమ్ పిండిపదార్థాన్ని విడగొడుతుంది కాబట్టి, ఎక్కువ పిండి వేసినా జావ గడ్డకట్టదు. మొదటి వారం రెండు మూడు చెంచాలు, రోజుకు రెండుసార్లు చాలు. ఎనిమిదో నెలకు అర కప్పుకు చేరాలి, తొమ్మిది నుంచి రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి. పాలు మాత్రం తగ్గించొద్దు. రెండేళ్లు, ఆ తర్వాత కూడా ఇవ్వొచ్చు.

ఇనుము సంగతి కూడా దీంతోనే ముడిపడి ఉంది. తల్లిపాలు ఎంత గొప్పవైనా లీటరుకు అర మిల్లీగ్రాము ఇనుము కూడా ఉండదు. కడుపులో ఉన్నప్పుడు తల్లి ఇచ్చిన నిల్వ ఆరో నెల దాకా వస్తుంది. ఆ తర్వాత తిండే ఆధారం. పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే అందులోని ఇనుము ఒంటికి పడుతుంది. మాంసాహారులైతే మెత్తగా ఉడికించి నూరిన కోడిమాంసం, కార్జం ఏడో నెలలోనే మొదలుపెట్టొచ్చు. టీలో ముంచిన బిస్కెట్ వద్దు, టీ ఇనుమును పట్టనివ్వదు. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు, ఆరో నెల నిండాక మొదలవుతుంది. దాన్ని అలమరలో పెట్టి మర్చిపోకండి. మలం నల్లగా వస్తే దడుచుకుని ఆపకండి, అది మామూలే.

ఇక వేడి. ఏప్రిల్, మే నెలల్లో మన వంటింట్లో పగలు 35 డిగ్రీలకు తక్కువ ఉండదు. 32 దాటితే వండిన పదార్థం గంటకు మించి బయట ఉండకూడదు. నేను చేసింది ఏమిటంటే, పొద్దున ఏడింటికి జావ కాచి, మధ్యాహ్నం పన్నెండింటికి మళ్లీ వేడిచేసి పెట్టాను. "మళ్లీ మరగబెట్టాను కదా" అనుకున్నాను. అన్నంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గది వేడికి అవి మొలిచి విడిచే విషం మళ్లీ కాచినా పోదు. అందుకే వేసవిలో ప్రతి పూటా ఒక పూటకు సరిపడానే వండండి. ఉగ్గు పిండి డబ్బాలో ఉంటే ఇది పది నిమిషాల పని. గిన్నెలో మిగిలింది పారెయ్యండి. బిడ్డ ఎంగిలి తగిలింది ఫ్రిజ్‌లో కూడా పెట్టొద్దు. కరెంటు గంటల తరబడి పోయిన రోజు ఫ్రిజ్‌ను నమ్మొద్దు.

మిక్సీ జార్ బ్లేడు కింద ఇరుక్కున్న మెతుకు చూడండి, నిన్నటిది అయి ఉంటుంది. జార్ వాడగానే విప్పి కడగాలి, లేదా పప్పుగుత్తితో మెదపండి. ఏడో నెల నుంచి కాస్త పలుకు తగలడమే మంచిది. పీక సీసా ఇంట్లోకి రానివ్వకండి. ఉగ్గుగిన్నె, చెంచా, చిన్న గ్లాసు చాలు, ఇవి మరిగే నీళ్లలో వేస్తే శుభ్రపడతాయి. సీసా పీకలో పేరుకున్న పాచి మాత్రం అంత సులువుగా పోదు.

నీళ్లు కాచి చల్లార్చినవే. మున్సిపల్ పంపుదైనా, క్యాన్‌దైనా, ఫిల్టర్‌దైనా కళపెళా మరగాలి. 2018 మార్చిలో గుంటూరులో కలుషితమైన తాగునీటివల్ల విరేచనాలు ప్రబలి ప్రాణాలు పోయాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్లలో నీటికి ఎంత యాతన పడ్డారో మనం చూశాం. ఆరు నెలలు నిండకముందు, బయట ఎంత మండిపోతున్నా, తల్లిపాలు తాగే బిడ్డకు చుక్క నీరు అక్కర్లేదు. దాహం వేస్తే పాలే ఎక్కువసార్లు ఇవ్వండి. నిండాక తిండితో పాటు రెండు మూడు గుటకలు చాలు. కొబ్బరినీళ్లు, పండ్లరసాలు పట్టి కడుపు నింపొద్దు. బంగినపల్లి గుజ్జు మెదిపి పెట్టడం వేరు, రసం తీసి తాగించడం వేరు.

గుంటూరు వాళ్లకు ఒక ముఖ్యమైన మాట. మిరప పని జరిగే రోజులివి. తొడాలు తీసి వచ్చిన చేతులు, కారం కలిపిన చేతులు, పచ్చళ్లు పెట్టిన చేతులు నీళ్లతో కడిగితే ఘాటు పోదు. ముందు నూనె రాసి రుద్ది, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగండి. బిడ్డ కంట్లోకి, నోట్లోకి, మీ రొమ్ము మీదికి ఆ మంట చేరకూడదు. ఆ పని చేసిన రోజు చెంచాతోనే పెట్టండి, పాలిచ్చే ముందు బట్టలు కూడా మార్చుకోండి.

గొంతుకు అడ్డంపడేవి మన పళ్లెంలోనే ఉన్నాయి. వేరుశనగ గింజ, శనగలు, ద్రాక్ష, జంతిక ముక్క, సపోటా గింజ, సీతాఫలం గింజ. ఈ నెలల్లో ప్రత్యేకించి తాటి ముంజలు. జారే ముంజను మొత్తంగా నోట్లో పెడితే నేరుగా గొంతులోకి పోతుంది. గింజలన్నీ నాలుగైదేళ్ల దాకా వద్దు. బిడ్డను పడుకోబెట్టి ఎప్పుడూ పెట్టకండి, ఫోన్ చూపిస్తూ అసలు పెట్టకండి. దగ్గుతూ, మొహం ఎర్రబడి, శబ్దం చేస్తూ ఉంటే అది పొలమారడమే, దానంతటది సర్దుకుంటుంది. శబ్దమే రాకపోతే ప్రమాదం. ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని, వీపు మీద భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు. తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ముల మధ్య ఒక అరచేతి మడమతో ఐదు నొక్కులు. అడ్డం పోయేదాకా ఇలాగే. కనపడని వస్తువు కోసం వేలు పెట్టి కెలకొద్దు. పక్కవాళ్లను 108కి ఫోన్ చెయ్యమనండి. ఇంట్లో పెద్దవాళ్లు కూడా ఇది ఒక బొమ్మ మీద చేసి చూసుకోవాలి.

కొత్త పదార్థం పొద్దున పూట, ఒక్కటే, మూడు రోజులు. రాత్రి పెడితే దద్దుర్లు వచ్చినా తెలియదు. గుడ్డు, వేరుశనగ ఏడాది దాటాకే అనేది పాత మాట. పూర్తిగా ఉడికిన గుడ్డు, జావలో కలిపిన మెత్తటి వేరుశనగ ముద్ద ఇప్పుడు ఆలస్యం చెయ్యొద్దనే చెబుతున్నారు. బిడ్డకు తీవ్రమైన ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి, దురదపెట్టే జబ్బు) ఉన్నా, ఇంతకుముందు దేనికైనా ఒళ్లు పొంగి ఉన్నా డాక్టరును అడిగాకే.

విరేచనాలు పట్టుకుంటే చేతికందేలా, మొదలుపెట్టే ముందే కొనిపెట్టుకోవాల్సినవి: ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు, డాక్టరు రాసిచ్చిన జింక్. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని చూసుకోండి, అదే పేరుతో అమ్ముతూ వచ్చిన తీపి పానీయాలు కాదు. లీటరు ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో మొత్తం కలపాలి. కొంచెం కొంచెంగా కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి. 24 గంటలు దాటితే పారెయ్యాలి. విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో. జింక్ ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, విరేచనాలు ఆగినా 14 రోజులు. పాలు ఆపొద్దు, తిండి ఆపొద్దు. "పళ్లొస్తున్నాయిలే" అని రెండు రోజులు ఊరుకోకండి. పళ్లవల్ల నీళ్ల విరేచనాలు రావు.

ఆరు గంటలుగా ఉచ్చ పోయకపోయినా, మాడు గుంటపడినా, కళ్లు లోతుకు పోయినా, మలంలో రక్తం కనిపించినా, పాలు పట్టకుండా మగతగా ఉన్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, తెల్లవారేదాకా ఆగొద్దు. మీ పేటలో రాత్రిపూట పిల్లల డాక్టరు ఉండే ఆసుపత్రి ఏదో ఈ వారమే కనుక్కుని, ఫోన్ నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. మా చెల్లెలు నిన్ననే అంటించింది, పక్కన 108 కూడా రాసింది.