విశాఖ పక్కనున్న కంబాలకొండ అడవికి బరువు కెమెరాతో వెళ్లే ముందు

ముందే ఒక మాట. కెమెరా మోసే ఈ చిట్కా తుపాకీ మోసే వేటగాళ్లది, కానీ మన అడవిలో తుపాకీ ఊసే వద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. పెద్ద రివాల్వర్‌తో కొండలెక్కే అమెరికా వేటగాళ్ల దగ్గర మనం తీసుకోదగ్గది ఒక్కటే: బరువును తుంటికి కాకుండా ఛాతీకి కట్టడం. వీపు బ్యాగుకి నడుము పట్టీ ఉంటే తుంటి మీద ఇంకేదీ కుదురుగా నిలవదు.

• ఛాతీ పట్టీని ఇంట్లోనే బిగించి చూసుకోండి. లెన్స్ కిందికి ఉండాలి. వంగి షూ లేసు కట్టుకోండి, కెమెరా ఊగి గడ్డానికి తగిలిందా, ఇంకో రంధ్రం బిగించాల్సిందే. మేడమెట్లు రెండుసార్లు ఎక్కి దిగండి. ఊపిరి బిగపట్టినట్టుంటే కాస్త వదులు చేయండి.

• మెడకి వేలాడదీయొద్దు. ఒకసారి అలాగే వెళ్లి రెండు రోజులు తల తిప్పలేకపోయాను. మా ఆవిడ ఇంకా నవ్వుతుంది.

• కాలర్ చొక్కా వేసుకోండి. టీషర్టయితే పట్టీ మెడ పక్కన ఒరుసుకుంటుంది, పైగా విశాఖ ఉక్క, చెమట.

• రెండు లీటర్ల నీళ్లు వీపు వైపు. ముందు బరువుకి అదే సరిజోడు.

• చిరుతలు తిరిగే చోటు. ఒంటరిగా వద్దు.