మ్యాప్ మీద పాయింట్లు పెట్టేముందు ఇవి చూస్కోండి

ముందుగా లాటిట్యూడ్, లాంగిట్యూడ్ తారుమారయ్యాయేమో చూడండి, మన హైదరాబాద్ 17.38, 78.48 దగ్గరుంటది, అదే తిరగేస్తే పాయింట్లన్నీ పోయి ఆర్కిటిక్‌లో స్వాల్‌బార్డ్ మంచులో పడతయ్, జియోజేసన్ అనే మ్యాప్ ఫైల్ ఫార్మాట్‌లో లాంగిట్యూడే ముందు రాయాలి కాబట్టి ఈ తప్పు ఈజీగా జరుగుతది.

- అడ్రస్ దొరక్కపోతే, అడ్రస్‌లని పాయింట్లుగా మార్చే కొన్ని టూల్స్ వాటిని సిటీ మధ్యలో ఒకేచోట పడేస్తాయి. అబిడ్స్, కోఠి వైపు పెద్ద గుంపు కనిపిస్తే వెంటనే నమ్మకండి, ఆ అడ్రస్‌లు తెరిచి చూడండి.

- దశాంశం తర్వాత 4 అంకెలుండాలి, 2 అంకెలే ఉంటే కిలోమీటర్ లెక్కన తేడా వస్తది.

- కూకట్‌పల్లిలో చుక్కలెక్కువ ఉన్నాయని సమస్య అక్కడే అనుకోవద్దు, జనం కూడా ఎక్కువే కదా, జనాభాతో భాగించండి.

- ఇళ్ల లొకేషన్లు ఉంటే షేర్ చేసేముందు వార్డు లెవల్‌కి కలిపేయండి, ప్లీజ్, ఇది మాత్రం అస్సలు వదలొద్దు.